టైమ్ మెషీన్, ఎగిరే గుర్రం, నూనె సీసా

వదినా, రాత్రి మీ ఇంట్లో తాతా మనుమల లొల్లి గోడ దాటి మా వంటింటిదాకా వినపడింది. ‘కల్కి 2898 ఏడీ’ సినిమా సైన్స్ ఫిక్షన్ అని మీ మనుమడూ, అశ్వత్థామ ఉన్నాక అది పురాణమేనని అన్నయ్యగారూ! తీర్పు నన్ను చెప్పమన్నారుగా, చెబుతాను. ఆ బట్టలు ఆరేసి ఇటు రండి, ఒక్క మాటలో తేలే సంగతి కాదిది.

ముందు మనమంతా చూసిన పాత సినిమాలు రెండు తీసుకుందాం. ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది, ‘భైరవద్వీపం’ 1994లో. రెండిటికీ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారే, హీరో బాలకృష్ణే. ఒకదాంట్లో టైమ్ మెషీన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతారు. ఇంకోదాంట్లో గుర్రం ఆకాశంలో ఎగురుతుంది. రెండూ మనం ఎక్కడా చూడనివే. మరి మొదటిది సైన్స్ ఫిక్షన్, రెండోది జానపదం ఎట్లా అయ్యాయి?

గుర్రం ఎట్లా ఎగురుతోందని ‘భైరవద్వీపం’లో ఎవరూ అడగరు. ఆ లోకం నడిచే తీరే అంత, అడిగితే కథలో రసం పోతుంది. టైమ్ మెషీన్‌ని మాత్రం ఒక శాస్త్రవేత్త తయారుచేశాడు. మనిషి చేసిన వస్తువు గనక ఇంకో మనిషి ‘ఎట్లా చేశావు?’ అని అడగొచ్చు. మన వర్క్‌షాప్‌కి పీఓహెచ్‌కి, అంటే పూర్తి మరమ్మతుకి వచ్చిన బోగీ ఉంటుంది చూడండి, దాన్ని విప్పి, చక్రాలు వేరుచేసి, ఏ భాగం ఎందుకుందో చూస్తారు. సైన్స్ ఫిక్షన్ కథ కూడా అట్లా విప్పి చూడనివ్వాలి. 1893 నుంచీ రైలుపెట్టెలు విప్పి బిగిస్తున్న లాలాగూడ వాళ్లకి ఇది ఇంకొకరు నేర్పాలా?

అయితే యంత్రం ఒక్కటే ఉంటే సరిపోదు వదినా. అది వచ్చాక మనుషుల గతి ఏమయిందో చెప్పాలి. ‘ఆదిత్య 369’లో వాళ్లు 2504కి కూడా వెళ్తారు, గుర్తుందా? ప్రపంచయుద్ధం జరిగి, రేడియేషన్‌కి భయపడి జనం భూమి కింద బతుకుతుంటారు. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. నవ్వుతూ చూస్తున్న పిల్లల ముందు అణుబాంబు సంగతి పెట్టింది.

‘సైన్స్ ఫిక్షన్’ అనే పేరు పుట్టిన కథ కూడా వినండి. హ్యూగో గెర్న్స్‌బాక్ అని లక్సెంబర్గ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఒకాయన రేడియో పత్రికలు నడిపేవాడు. 1926 ఏప్రిల్లో ఇట్లాంటి కథల కోసమే ‘అమేజింగ్ స్టోరీస్’ మొదలుపెట్టాడు. మొదట వాటిని ‘సైంటిఫిక్షన్’ అన్నాడు. అది నోరు తిరిగేది కాదు, 1929 నుంచి ‘సైన్స్ ఫిక్షన్’ జనంలో పడింది. కథలు మాత్రం అంతకు ముందే ఉన్నాయి. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818 నాటిది, వెల్స్ ‘టైమ్ మెషీన్’ 1895 నాటిది.

మన దేశం వెనకపడిందనుకుంటున్నారేమో! 1896లో జగదీశ్ చంద్రబోస్ బెంగాలీలో ఒక కథ రాశారు. తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. సముద్రంలో తుఫాను రేగితే, ఓడలో ఉన్నాయన తలనూనె సీసా నీళ్లలోకి విసురుతాడు, తుఫాను అణిగిపోతుంది. నూనె పొర పరుచుకుంటే చిన్న అలలు తగ్గడం నిజమే. ఆ పిసరంత నిజాన్ని పట్టుకుని అంత పెద్ద ఊహ అల్లారు. ఎంత ముచ్చటైన పని!

ఇక నాకు బాధ కలిగే సంగతి. ‘మాయాబజార్’లో శశిరేఖ తెరిచిన ప్రియదర్శిని పెట్టె చూపించి, ల్యాప్‌టాప్ మనవాళ్లు అప్పుడే కనిపెట్టారని కొందరు పిల్లలకి చెబుతున్నారు. అట్లా చెప్పకూడదు వదినా. చూసినవాళ్లకి తమకిష్టమైనవాళ్లు కనపడే పెట్టె, అది ప్రేమ గురించిన ఊహ. దాన్ని యంత్రం చేస్తే 1957లో ఆ సినిమా తీసినవాళ్ల ఊహని తక్కువ చేసినట్టు. రాత్రింబవళ్లు కష్టపడి కంప్యూటర్ చేసినవాళ్ల శ్రమనీ తక్కువ చేసినట్టే.

ఇంకొందరు జరగనిదేదైనా ‘అబ్బే, సైన్స్ ఫిక్షన్’ అని కొట్టిపారేస్తారు. అదీ పొరపాటే. తార్నాక దాటితే హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధనశాల ఉందిగా. అక్కడ 1988లో లాల్జీ సింగ్‌గారి బృందం డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి మన దేశపు సొంత పద్ధతిని రూపొందించింది. రక్తపుచుక్కతో బిడ్డ తండ్రెవరో తేలుతుందంటే మన అమ్మమ్మలు నమ్మేవాళ్లా? నిన్నటి ఊహ ఇవాళ కోర్టులో సాక్ష్యం.

అందుకని నా తీర్పు ఇది. ‘కల్కి’లో ఎండిపోయిన కాశీ, ఉన్నదంతా పైనున్న ‘కాంప్లెక్స్’ పాలకులు గుప్పిట్లో పెట్టుకోవడం, అది సైన్స్ ఫిక్షన్. నీళ్లూ తిండీ కొందరే దాచుకుంటే మిగతావాళ్లు ఏమవుతారని అడుగుతోంది. అశ్వత్థామ చావకపోవడం కృష్ణుడి శాపం, అది పురాణం. దాన్ని భారతంలోలాగే విని దణ్ణం పెట్టుకోవాలి. మనుమడిదీ నిజమే, తాతదీ నిజమే. రెండూ ఒక్క సినిమాలో కలిశాయని తెలుసుకుని చూస్తే, రెండిటికీ మర్యాద దక్కుతుంది.

ఇప్పుడు వాడికి ఒక పని చెప్పండి. ఢిల్లీ మెట్రోలో 2020 డిసెంబర్ నుంచి డ్రైవర్ లేని రైలు తిరుగుతోంది. మన మెయిల్ బళ్లు కూడా లోకో పైలట్ లేకుండా నడిచే రోజొస్తే, పట్టాల మీద గేదె అడ్డమొస్తే బండిని ఎవరాపుతారు? రాత్రి డ్యూటీలకి పోయే మన క్వార్టర్లవాళ్లు ఏ పని చేస్తారు? వాళ్ల పిల్లలు ఏం చదువుతారు? దీని మీద రెండు పేజీల కథ రాయమనండి. రాయడానికి ముందు రన్నింగ్‌లో, అంటే బళ్లు నడిపే పనిలో ఉన్నవాళ్లని పట్టుకుని బ్రేకు ఎట్లా పడుతుందో అడిగి తెలుసుకోమనండి. రాశాక తాతగారు ‘ఇదెట్లా?’ అని అడగాలి, వాడు జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే దిద్దుకోవాలి. అట్లా అడిగి, చెప్పి, దిద్దుకుంటే చాలు, లాలాగూడలో ఒక మంచి సైన్స్ ఫిక్షన్ రచయిత తయారవుతాడు. ఆ కథ మొదట నాకే చదివి వినిపించాలి, చెప్పండి వాడికి.