రైను తీరపు రాత్రి

కొలోన్, జూన్ 11, సాయంకాలము.

పెదనాన్నగారూ,

ఈ ఉదయము బ్రస్సెల్సులో రైలెక్కి, మధ్యాహ్నమునకు ఈ నగరము చేరితిని. స్టేషను గుమ్మము దాటి తలయెత్తగానే, మన తెనాలి స్టేషను ముందర ఒకప్పుడు జట్కాలు నిలుచుచుండెడి చోటంత దగ్గరలో, నల్లబడిన రాతిశిఖరములు రెండు ఆకాశములోనికి చొచ్చుకొనిపోవుచు కనబడినవి. అది ఇచ్చటి ప్రధాన క్రైస్తవ దేవాలయము. ఎత్తు 157 మీటర్లు. మంగళగిరి గాలిగోపురములు మూడు ఒకదానిపై నొకటి నిలిపినను దాని కొనను అందవు. వీపున మూట దింపకయే, మెడ నొప్పిపుట్టువరకు దానిని చూచుచు నిలుచుంటిని.

బస రైను నదికి ఆవలి ఒడ్డున, డాయ్ట్స్ అను పేటలో, పాదచారులకై కట్టిన యాత్రికనివాసములో. ఒక గదిలో ఆరు పడకలు, ఉమ్మడి వంటయిల్లు, ఎవరు తిన్న పళ్ళెము వారే కడుగుకొను నియమము. ఇట్టి బసలు నేడు లోకమంతట నున్నవి గాని, ఆ తలంపు పుట్టినది ఈ ప్రాంతముననే. రిఖార్డ్ షిర్మాన్ అను బడిపంతులు 1909లో పిల్లలను వెంటబెట్టుకొని కాలినడకను పోవుచు, గాలివానలో చిక్కుకొని, ఒక పల్లెబడిలో తలదాచుకొన్న రాత్రి, సెలవులలో ఖాళీగా పడియుండు బడులన్నియు బాటసారులకు బసలు కారాదా యని తలపోసెనట. 1912లో అల్టెనా కోటలో మొదటి స్థిరమైన యువజననివాసము వెలసినది. ఉపాధ్యాయులైన మీకు ఈ సంగతి నచ్చునని ముందుగా వ్రాయుచున్నాను.

వంటయింటిలో అన్నము వండి, అమ్మ కట్టియిచ్చిన కందిపొడిని ఇచ్చటి వెన్న కాచి కలుపుచుండగా, ఆ వాసనకు ముగ్గురు చేరిరి. ఒకరు పోలెండులోని క్రాకోవ్ నగరమున చరిత్ర బోధించు ఉపాధ్యాయుడు. ఒకరు ఈ యూరి పిల్లయే. నర్సు చదువు చదువుచు సాయంకాలములు ఈ నివాసములో పనిచేయును. మూడవవాని వేషము చూచినచో మీరును నావలెనే కన్నార్పకుందురు: వెడల్పు అంచుల నల్లని టోపీ, నల్లని కార్డురాయి కోటు, పాదముల వద్ద గంటవలె విచ్చుకొన్న లాగు, చెవికి బంగారు పోగు. అతడు వడ్రంగి. నలుగురము ఒకే గిన్నెలో తింటిమి. రాత్రి ఊరు చూపించెదను రండని ఆ పిల్ల పిలిచినది. తక్కిన సంగతులు రేపు వ్రాసెదను.

కొలోన్, జూన్ 12, ఉదయము.

పెదనాన్నగారికి నమస్కారములు.

రాత్రి తొమ్మిది గంటలకు మేము బయలుదేరునప్పటికి ఇంకను ఎండ వాలియుండెను. జూను మాసమున ఈ దేశములో పదిగంటలకు గాని చీకటి పడదు. నదిని దాటుటకు హోహెన్‌జొలెర్న్ వంతెన మీదుగా నడచితిమి. మధ్య రైలుపట్టాలు, ప్రక్కన నడకదారి, రెంటికి నడుమ నున్న ఇనుపకంచెకు ప్రేమికులు తమ పేర్లు చెక్కి తగిలించిన తాళములు వేలకొలది వ్రేలాడుచున్నవి. తాళము వేసి తాళపుచెవిని నదిలో పారవైతురు. రైలు పోయినపుడెల్ల కాళ్ళక్రింద వంతెన వణకును, తాళములన్నియు సన్నగా మ్రోగును. 1911లో పూర్తియైన ఈ వంతెనను 1945 మార్చి 6వ తేదీన, అమెరికా సైన్యములు నగరమధ్యమునకు చేరిన దినముననే, వెనుదిరుగుచున్న జర్మను సైన్యము తానే కూల్చివేసినదని క్రాకోవ్ మేష్టారు చెప్పిరి.

వడ్రంగి కథను ఆ వంతెనమీదనే వింటిని. పనినేర్చుకొని పరీక్షలో గెలిచిన పిదప, ముప్పదియేండ్లు నిండని అవివాహితుడు, ఎవరికిని ఋణపడనివాడు, మూడు సంవత్సరములును ఒక దినమును దేశాటనము చేయుట ఈ దేశపు కొన్ని వృత్తులవారికి మధ్యయుగముల నుండి వచ్చుచున్న ఆచారము. ఆ కాలమంతయు పుట్టినయూరికి ఏబది కిలోమీటర్ల లోపల అడుగు పెట్టరాదు. చేతిఫోను ఉండరాదు. ప్రయాణమునకు గాని పడకకు గాని సాధ్యమైనంతవరకు డబ్బు చెల్లింపరాదు, చేతిపనియే మూల్యము. మా నివాసపు పెరటిలో విరిగిన కొయ్యబల్లలు బాగుచేసి, అతడు రెండురాత్రుల పడక సంపాదించుకొనెను. బొందుకోటుకు ఎనిమిది బొత్తాములు, అవి దినమునకు ఎనిమిది గంటల పనికి గురుతు. పైకోటుకు ఆరు, అవి వారమునకు ఆరుదినముల పనికి. ఊరు విడుచునాడు పొలిమేరలోని పేరుపలక నెక్కి ఆవలికి దుమికినాడట. దాని మొదట ఒక సారాయిబుడ్డి పాతిపెట్టినాడట. తిరిగి వచ్చినపుడు దానిని త్రవ్వి తీసి, ఎదురువచ్చినవారితో కలసి త్రాగవలెను.

“ఇల్లు జ్ఞప్తికి రాదా?” యని అడిగితిని.

“రాకేమి? ఏబదియొకటవ కిలోమీటరు వద్ద ఒక పాలెములో నెలదినములు పనిచేసితిని. అచ్చటి గుట్ట యెక్కిన మా యూరి గుడిశిఖరము కనబడును,” అనెను.

దేవాలయము ముందర నిలిచినపుడు అతడు టోపీ సవరించుకొని చాలసేపు ఊరకుండెను. 1248లో పునాది వేసిన ఈ కట్టడము పదునారవ శతాబ్దిలో ఆగిపోయి, మరల 1842లో మొదలై, 1880లో ముగిసినది. అనగా మొదటి రాతికిని చివరి రాతికిని నడుమ 632 సంవత్సరములు. పని నిలిచిపోయిన ఆ దీర్ఘకాలమంతయు, సగము లేచిన దక్షిణశిఖరముపై రాళ్ళనెత్తు కొయ్యయంత్రము దింపువారు లేక అట్లే నిలిచియుండి, ఈ యూరి ముఖమునకే గురుతైపోయి, 1868లో గాని క్రిందికి దిగలేదట. “రాతిపని ఆగినను వడ్రంగిపని నిలిచియున్నది,” అని అతడు చెప్పునపుడు ఆ గొంతులోని గౌరవము, తాతముత్తాతల పేరు చెప్పుకొనువాని గొంతులో వినబడునట్టిది. నేటికిని శిల్పులు, వడ్రంగులు ఈ గుడినంటియున్న కర్మశాలలో నిత్యము పనిచేయుచునే యున్నారు. ఈ గుడి పూర్తియైననాడు లోకము ముగియునని ఊరివారి సామెత.

అచ్చటినుండి పాతబజారులోని ఒక బీరుశాలకు పోయితిమి. నేను మద్యము ముట్టనని మీకు ఇచ్చిన మాట తప్పలేదు. సోడా కలిపిన ఆపిలు రసము త్రాగితిని. కాని ఆ శాలను గూర్చి వ్రాయక మానలేను. లోపల తోమితోమి తెల్లబడిన పొడవైన కొయ్యబల్లలు. ఒక కుటుంబమునకు ఒక బల్ల యను మాట లేదు. ఎచ్చట చోటున్న అచ్చట, ఎరుగనివారి ప్రక్కన, తలయూచి కూర్చుండవలసినదే. వడ్డించువానిని ఇచ్చట క్యోబెస్ అందురు; అది యాకోబను పేరునకు ఈ యూరి రూపము. నీలపు పైవస్త్రము కట్టి, మాటలో కొంత కరుకుదనము చూపుట అతని వృత్తిధర్మమన్నట్లుండును. బీరు పేరు క్యోల్ష్, ఊరిభాష పేరును క్యోల్షే. ఈ నగరప్రాంతమున కాచినదానికి తప్ప ఆ పేరు చెల్లదని బీరు కాచువారందరు 1986లో ఒడంబడిక వ్రాసికొనిరి. గ్లాసు సన్నగా, నిలువుగా, మన అగరువత్తుల డబ్బా వలె నుండును. పట్టునది 200 మిల్లీలీటర్లే. ఒకటి ఖాళీయైనంతనే, అడుగకుండగనే మరియొకటి వచ్చి కూర్చుండును. గ్లాసు క్రింది అట్టబిళ్ళపై క్యోబెస్ పెన్సిలుతో ఒక గీత గీచును. ఇక చాలుననుకొన్నవాడు నోటితో చెప్పనక్కరలేదు, ఆ అట్టబిళ్ళను తీసి గ్లాసుపై మూతవలె పెట్టిన చాలును.

పెదనాన్నగారూ, నాకప్పుడు మన యింటి పెండ్లి బంతులు కన్నులకు కట్టినవి. విస్తరిపై రెండుచేతులు అడ్డముపెట్టువరకు వడ్డన ఆపకుండుట మర్యాదయని మీరు నేతిగిన్నెతో వంగి తిరుగుచుండెడివారు. ఇంత దూరమున, ఇంత భేదమైన పానీయము చుట్టును అదే మర్యాద, అదే మౌనసంజ్ఞ వెలసియుండుట నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది.

మా బల్ల కొసను ఎనుబదియారేండ్ల వృద్ధుడొకడు ఒంటరిగా కూర్చుండి యుండెను. వడ్రంగి వేషము చూడగానే అతని ముఖము వికసించినది. తన తండ్రియు వడ్రంగియట. యుద్ధమునుండి తిరిగి రాలేదట. 1942 మే 30వ తేదీ రాత్రి వేయికి పైబడిన విమానములు ఈ నగరముపై బాంబుదాడికి బయలుదేరినవి. అటుపిమ్మట మరియు ఎన్నియో రాత్రులు. యుద్ధమునకు ముందు 7,50,000కు పైబడియుండిన జనములో 1945 నాటికి మిగిలినవారు సుమారు 40,000. దేవాలయముపైనను పదునాలుగు బాంబులు పడినవి గాని శిఖరములు కూలలేదు. అప్పుడు ఆరేండ్ల బాలుడైన ఆ వృద్ధుడు తల్లి కొంగు పట్టుకొని ఇటుకల గుట్టలపై నడచుచు, దారి తప్పినపుడెల్ల ఆ రెండు శిఖరములను చూచి తమ యిల్లుండిన దిక్కు గుర్తించెడివాడట. “ఇల్లు లేదు, దిక్కు మాత్రము మిగిలెను,” అనెను. ఆ పిల్ల ఆ మాటను మాకు ఇంగ్లీషులోనికి తెచ్చుటకు ముందు కొంచెముసేపు ఆగినది.

వడ్రంగి తన చొక్కాలోపలినుండి తోలు అట్టవేసిన పుస్తకమును తీసి, గ్లాసులను దూరముగా జరిపి, చొక్కాచేతితో బల్లపై తడి తుడిచి, అప్పుడు విప్పెను. తిరిగిన ప్రతి యూరిలోను నగరసభవారు వేసిన ముద్రలందులో నున్నవి: సింహములు, తాళపుచెవులు, బురుజులు. ఒకచోట వానచినుకు పడి ఎఱ్ఱసిరా అలుకుకొనిపోయినది. వేరుగా నున్న చిన్న కాగితముల పుస్తకము నా కందిచ్చి, నీ భాషలో ఒకమాట వ్రాయుమనెను. “ఎందు తిరిగినను క్షేమముగా ఇల్లు చేరుము” అని వ్రాసితిని. అతడు వ్రేలితో ఆ అక్షరములపై మెల్లగా నడచి, వీనిలో కోణములే లేవేమని అడిగెను. తాటాకుపై గంటముతో వ్రాయుటచే నారవెంబడి సూటిగీత పడినచోట ఆకు చీలుననియు, అందుచే మన అక్షరములు గుండ్రబడినవనియు మీరు చిన్ననాడు చెప్పినది చెప్పితిని. అతని కన్నులు మెరసినవి. కొయ్యయు నారవెంబడి కోసిన అట్లే చీలునని, మరి వివరణము కోరలేదు. శాస్త్రజ్ఞులు దీనికేమందురో గాని, ఆ మాట అతని చేతికి తెలిసినట్లు పండితుల చెవికి తెలియదని నాకు తోచినది.

లెక్క తీర్చువేళ క్యోబెస్ వచ్చి, కలిపియా విడివిడిగానా యని అడిగెను. ఇచ్చట ఎవరి సొమ్ము వారిచ్చుటయే వాడుక. వృద్ధుడు మాత్రము చేయిచాచి వడ్రంగి అట్టబిళ్ళను తనవైపునకు లాగుకొని, “ఈ గీతలు నావి,” అనెను.

తిరిగివచ్చుచు ఒక సందులో నడచుచుండగా ఆ పిల్ల హఠాత్తుగా వంగి మోకాళ్ళపై కూర్చుండినది. పరచిన రాళ్ళనడుమ అరచేతికి సరిపడు ఇత్తడిపలకలు రెండు. ఒక్కొక్కటి నాలుగుప్రక్కల పది సెంటిమీటర్లు. గుంటర్ డెమ్నిగ్ అను శిల్పి 1992 డిసెంబరులో మొదటిదానిని ఈ నగరసభాభవనము ముందరనే పాతెను. నేటికి ఐరోపా అంతట లక్షకు మించినవి. నాజీల హింసకు గురియైనవారు కడపట స్వేచ్ఛగా నివసించిన ఇంటి వాకిట, ఒక్కొక్కరికి ఒక్కొక్క పలక. అక్షరములన్నియు చేతితో సుత్తిదెబ్బలు కొట్టి దింపినవి. మొదటి మాట “ఇచ్చట నివసించెను.” ఆపైని పేరు, పుట్టిన యేడు. ఒకటి తల్లిది, ఒకటి తొమ్మిదేండ్ల కూతురిది. ఆ పిల్ల సీసాలోని నీటితో చేరుమాలు తడిపి రెంటిని రుద్దినది. నలుపు పోయి 1941 అను అంకెయు, లిట్జ్‌మన్‌స్టాట్ అను పేరును వీధిదీపపు వెలుతురులో తేలినవి.

“అది మా వూచ్ నగరము,” అని క్రాకోవ్ మేష్టారు మెల్లగా ననిరి. “ఆక్రమించుకొన్నవారు దానికి పెట్టిన పేరది.”

“ఆ రైళ్ళు బయలుదేరినది మనము నిద్రించు ఒడ్డునుండియే, డాయ్ట్స్ స్టేషనునుండి,” అని ఆమె, ఇంకను రుద్దుచునే. చేరుమాలు మేష్టారి కందిచ్చినది. ఆయన రెండవ పలకను, ఆ బాలిక పేరును, చివరి అక్షరమువరకు తుడిచిరి. ఎవరును మాటలాడలేదు. వడ్రంగి మాత్రము వంగి ఒక అక్షరపు లోతును గోటితో తడవి, “ఒక్కొక్క దెబ్బ కొట్టినాడు,” అనెను.

వంతెన చేరునప్పటికి రాత్రి రెండు గంటలయ్యెను. దారిలోని చెత్తకుండీల ప్రక్కన ఖాళీసీసాలు వరుసగా నిలిపియుండుట చూచి కారణమడిగితిని. తిరిగియిచ్చిన సీసాకు అంగడివారు కొన్ని సెంట్లు ఇత్తురు. పేదవారు చెత్తలో చేయిపెట్టకయే ఏరుకొనుటకు వానిని వెలుపల నుంచుదురట. నేనును నా నీళ్ళసీసాను అట్లే నిలిపి వచ్చితిని. పడుకొన్న పిదప రైళ్ళచప్పుడు చాలసేపు వింటిని.

కోబ్లెన్జ్, జూన్ 14.

పెదనాన్నగారికి నమస్కారములు. మోసెల్ నది రైనులో కలియు ఈ యూరికి నిన్న చేరితిని. వర్షము. బసలో బట్టలు ఆరబెట్టుకొనుచున్నాను.

వడ్రంగి నాకంటె ముందే, తెల్లవారుజామున మూట కఱ్ఱకు తగిలించుకొని వెళ్ళిపోయినాడు. అతనికి చిరునామా లేదు. జాబు వ్రాయ వీలులేదు. ఇంక ఒక సంవత్సరము నాలుగు నెలలు మిగిలియున్నవని చెప్పియుండెను. నా మూటపై అతని అట్టబిళ్ళ పెట్టియున్నది, అయిదు పెన్సిలు గీతలతో. వెనుకవైపున, నేను వ్రాసినదానిని చూచి కాబోలు, “ఇల్లు” అను మాటను తెలుగులో దింపినాడు. ‘ల్ల’ ఒత్తు తలక్రిందులుగా పడినది గాని వంపులు ఎచ్చటను చెడలేదు.

ఈ జాబులో దానిని పెట్టి పంపుచున్నాను. తడిసిన అట్ట కనుక కొంచెము వంగినది. మీ నిఘంటువు క్రింద రెండుదినములు ఉంచుడు.