సజ్దాలో సడలిన కాలు

ఆనాటి మగ్రిబ్ నమాజుకు మేమే ఇమాముగా నిలిచాము. రెండవ రకాతులో కూర్చొని, మూడవ రకాతు కొరకు లేవబోగా మా ఎడమకాలు మాతో పాటు లేవలేదు. మోకాలి దిగువన తొడుగుకొన్న కృత్రిమ పాదం జానమాజు మీదనే ఉండిపోయింది. మేము పక్కకు ఒరిగి మిహ్రాబు గోడను పట్టుకొన్నాము. మొదటి సఫ్‌లోని ఒక సోదరుడు ముందుకు వచ్చి మిగిలిన నమాజు చేయించాడు. సలాం తరువాత ఎవరూ ఏమీ అడగలేదు. పడిపోవడం కంటె ఆ మౌనమే మాకు బరువనిపించింది.

మధుమేహం వల్ల మా పాదం పోయి ఏడేండ్లయింది. మొదట మాకు అమర్చినది తోలుపట్టీతో బిగించే జైపూర్ పాదం. 1968 ప్రాంతంలో జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే హస్తకళా నిపుణుడు, ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేథీ కలిసి దానిని రూపొందించారు. అంతకుముందు వచ్చిన విదేశీ పాదాలు కుర్చీలో కూర్చొని బూటు తొడిగేవారికి పనికివచ్చేవి. చెప్పులు లేకుండా నడిచేవారికి, గొంతుక్కూర్చొనేవారికి, బాసింపట్టు వేసుకొనేవారికి, సజ్దా చేసేవారికి మడమ దగ్గర వంగే పాదం కావాలి. రబ్బరుతో చేసిన ఈ పాదం అలా వంగుతుంది. డాక్టర్ సేథీకి 1981లో మెగసెసె పురస్కారం లభించింది. ఎందరు నమాజీలు ఆయనకు ఋణపడి ఉన్నారో అల్లాహ్‌కే ఎరుక.

రెండేండ్ల క్రితం మా అబ్బాయి పట్టుబట్టి కొత్తరకం కాలు చేయించాడు. దీనికి పట్టీ ఉండదు. మిగిలిన కాలికి సిలికాన్ తొడుగు ఎక్కించాలి. తొడుగు కొసన పళ్లున్న ఉక్కు చీల ఒకటి ఉంటుంది. కాలిని గిన్నెలోకి దించితే ఆ చీల అడుగున ఉన్న తాళంలోకి టిక్కు టిక్కుమంటూ దిగి పట్టుకొంటుంది. విప్పదలచినప్పుడు పక్కనున్న మీట నొక్కితే వదులుతుంది. నొక్కకుండానే వదలడమే మా కష్టం.

మగ్రిబ్ నాటి సంఘటన తరువాత మైపాడు తీరంలో పిల్లలను వెంటబెట్టుకొని నడుస్తుండగా మరొకసారి, తరగతిలో చాప మీది నుండి లేస్తుండగా ఇంకొకసారి కాలు ఊడింది. అటుపిమ్మట మేము ఇమామత్ మానుకొన్నాము, కుర్చీ మీద నమాజు మొదలుపెట్టాము. అడిగినవారికి నడుము నొప్పి అన్నాము. నడుము నొప్పి ఉన్నమాట నిజమే. కుర్చీకి కారణం మాత్రం అది కాదు. ముప్ఫై ఏండ్లుగా పిల్లలకు సిద్ఖ్ గురించి పాఠం చెబుతున్న నోటితో ఆ మాట అన్నాము.

నిలబడలేనివాడు కూర్చొని, అదీ చేతకానివాడు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి సెలవిచ్చిన హదీసు బుఖారీలో ఉన్నది. ఆ రుఖ్సతు అశక్తునికి. మేము నిలబడగలిగి, పడతామనే సిగ్గుతో కూర్చున్నాము. అది మా మనస్సుకు తెలుస్తూనే ఉండేది.

కాలు అమర్చినచోట తాళం మార్చారు. మార్చిన పది రోజులకే మళ్లీ ఊడింది. ఇది సబ్ర్ చేయవలసిన పరీక్ష అనుకొని ఊరకున్నాము.

ఆ రోజులలోనే దేవ్‌బంద్‌లో మాతో చదువుకొన్న కాశ్మీరీ మిత్రుడు ఫోను చేశాడు. ఆయన తమ్ముడు గుల్మార్గ్ మంచువాలులపై స్కీ నేర్పుతాడు. మా గోడు విని ఆయన నవ్వాడు: "మౌలానా, మా తమ్ముడికి రోజూ ఇదే గొడవ." స్కీ పలకకు బూటును పట్టి ఉంచే బిగింపు, మనిషి పడితే కాలి ఎముక విరగకుండా తనంతట తానే విడిపోవాలట. దానికి మనిషి బరువును, బూటు పొడవును, నేర్పును బట్టి ఒక అంకె పెడతారు. అంకె తక్కువైతే పడకుండానే ఊడుతుంది. అంకె సరిగ్గా ఉండీ ఊడితే బిగింపును తిట్టేముందు బూటు అడుగు చూడాలి, అక్కడ మంచు గట్టిపడి ఉంటే బూటు పూర్తిగా దిగదు, దిగినట్టు కనబడుతుంది అంతే. "తాళం సరేనయ్యా, తాళానికీ కాలికీ మధ్య ఏముందో చూశావా?" అన్నాడు.

మేము చూడలేదు. చూస్తే ఒకటి కాదు, చాలా ఉన్నవి. తొడుగు మీద వేసే మేజోడుకు చీల కొరకు అడుగున రంధ్రం ఉంటుంది. అది పక్కకు జరిగి గుడ్డ అంచు తాళంలోకి పోతున్నది. తాళం పళ్లలో మైపాడు ఇసుక. కొబ్బరినూనె వేస్తే తేలికగా తిరుగుతుందని వేసినది మేమే. నూనె ఇసుకను మరింత పట్టి ఉంచింది. ఇక మా కోస్తా ఉక్కపోతకు సిలికాన్ లోపల చెమట చేరి తొడుగే జారుతుంది. మధ్యాహ్నం ఒకసారి విప్పి తుడుచుకోవాలి. మిగిలిన కాలు ఉదయం నిండుగా ఉండి, పొద్దు వాలేకొద్దీ సన్నబడుతుంది. ఫజ్ర్‌కు ఒక మేజోడుతో సరిపోయే గిన్నె అస్ర్‌కు రెండు, మూడు కోరుతుంది. మేము ఫజ్ర్‌కు వేసినదానితోనే ఇషా దాకా గడిపేవారము.

ఇవన్నీ సరిచేసుకొన్నాక కాలు నడకలో ఊడలేదు. నమాజులో మాత్రం ఊడింది. మళ్లీ వెళ్లాము. ఈసారి అక్కడ ఒక కుర్రవాడు ఉన్నాడు, బహుశా పాతికేండ్లు ఉంటాయేమో. "అయ్యగారూ, మీరు నమాజులో ఎట్లా కూర్చుంటారో ఒకసారి చూపించండి" అన్నాడు. అంతవరకు ఎవరూ అడగని మాట. ఆ పనిముట్ల మధ్య నేల మీద తువ్వాలు పరచి ఖాదాలో కూర్చున్నాము. అతడు బోర్లా పడుకొని మా కాళ్ల సందు నుండి చూశాడు. మీట లోపలివైపు ఉన్నది. ఎడమకాలు మడిచి దానిపై కూర్చొన్నంతసేపూ మా కుడికాలి పిక్కే ఆ మీటను నొక్కుతున్నది. అత్తహియ్యాత్ చదివినంతసేపు మా తాళం మేమే తీసి పెట్టుకొంటున్నామన్న మాట! కుర్రవాడు తాళాన్ని తిప్పి మీటను వెలుపలివైపుకు మార్చాడు. అరగంట పని.

ఇటువంటి అవయవాల గురించి అడగడానికి సిగ్గుపడేవారు మన ఇళ్లలో చాలామంది. సహాబీ అర్ఫజా (రజి) ముక్కు జాహిలియ్యా కాలపు కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకొంటే దుర్వాసన పట్టింది. ఆయన ఆ సంగతి దైవప్రవక్త (స) దాకా చేరనిచ్చారు. మగవారికి బంగారం నిషిద్ధమైనా, ఆయనకు బంగారు ముక్కు పెట్టించుకొమ్మని ఆదేశం లభించింది. అబూ దావూద్, తిర్మిజీలలో ఈ ఉదంతం ఉన్నది. వుజూ సంగతి కూడా కొందరు చాటుగా అడుగుతారు. చీలమండ పైదాకా కాలు తీసివేసినవారికి ఆ పాదం కడిగే బాధ్యత ఉండదు, కృత్రిమ పాదం తడపనక్కరలేదు.

కుర్చీ గురించిన నిజం జుమా తరువాత మస్జిదులో చెప్పాము. పెద్దవాడొకాయన "మాకు తెలుసులే హజ్రత్" అన్నాడు.

ఇప్పుడు ఫజ్ర్ వేళ కాలు తొడిగేటప్పుడు మా మనుమడు తాళం దగ్గర చెవి పెట్టి టిక్కులు లెక్కపెడతాడు. ఐదు రావాలి. మొన్న ఒకనాడు "నాలుగే వచ్చినయి దాదా" అన్నాడు. ఇఖామత్ వినబడుతున్నది. కాలు విప్పి, మేజోడు సరిచేసి, మళ్లీ తొడిగాము. ఆ రోజు మాకు ఒక రకాతు తప్పిపోయింది.