పోయినసారి నూనె ఎప్పుడు తెచ్చారమ్మా?

మార్కెట్ రీసెర్చ్ ఉద్యోగాలకు పిల్లలు ఎలా తయారవుతున్నారో చూసి రాయమని ఎడిటర్ పంపితే, అమీర్‌పేటలో ఒక సర్వే సంస్థ ఫీల్డ్ బ్రీఫింగ్‌కు వెళ్లాను. మెట్ల పొడవునా డేటా ఎనలిటిక్స్ కోచింగ్ పోస్టర్లే. పైన హాల్లో ఇద్దరు ఎంబీఏ ఇంటర్న్‌లు, ఒక గుంపు ఇన్వెస్టిగేటర్లు, వాళ్లందరికీ పాఠం చెప్పే సూపర్‌వైజర్ మేడమ్.

మాక్ ఇంటర్వ్యూకి ముందు నన్నే కూర్చోబెట్టారు. 'మీ ఇంట్లో ఎవరైనా ప్రకటనల సంస్థలో గానీ, మార్కెట్ రీసెర్చ్‌లో గానీ, పత్రికలో గానీ పనిచేస్తున్నారా?' పత్రికలో అన్నాను. 'థ్యాంక్యూ సర్' అని ఇంటర్న్ కుర్రాడు ట్యాబ్ మూసేశాడు. లోగుట్టు తెలిసినవాళ్ల జవాబులు మామూలు జనం జవాబుల్లో కలవకూడదని ఈ జల్లెడ. విలేకరి గర్వం అక్కడితో సరి.

నా కుర్చీలో ఒక ఇన్వెస్టిగేటర్‌ను కూర్చోబెట్టి, 'మీ ఇంటి లెక్కే చెప్పమ్మా' అన్నారు మేడమ్. నెలకు నూనె ఎంత వాడతారని కుర్రాడు అడిగాడు. 'ఐదు లీటర్లు.' నొక్కేశాడు. మేడమ్ ట్యాబ్ అందుకుని ఒళ్లో బోర్లించుకున్నారు. 'పోయినసారి నూనె ఎప్పుడు తెచ్చారమ్మా? ఎన్ని ప్యాకెట్లు? ఇప్పుడెంత మిగిలింది? మధ్యలో చుట్టాలెవరైనా వచ్చారా?' ఒక్కో ప్రశ్నకూ ఆగి, ఆ అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేదాకా నోరు మెదపలేదు. ఐదు లీటర్లు మూడున్నరకు దిగింది. మొదట చెప్పింది అబద్ధమేం కాదు. నెల అనగానే నోటికొచ్చిన రౌండ్ ఫిగర్.

నూనె లెక్కే కదా అని తీసిపారేయడానికి లేదు. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ విడతలో తిండి ఖర్చును గత 7 రోజులకూ, గత 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26 శాతానికి తగ్గిందని తేలింది. ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగిందనీ, పాత లెక్కతో దీన్ని పోల్చకూడదనీ ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. దేశంలో పేదలెందరన్నది ప్రశ్నపత్రంలో రెండు గళ్ల దగ్గర తగువయి కూర్చుంది.

తలుపు తీసినవాళ్లనే అడిగేసి రావడం మేడమ్ దృష్టిలో ఇంకా పెద్ద తప్పు. ఇంట్లో పెద్దవాళ్లందరినీ వయసు వరసలో రాసి, ఫారం నంబరును బట్టి పట్టికలో ఎవరు తగిలితే వాళ్లనే అడగాలి. 1949లో గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ ప్రకటించిన పద్ధతి ఇది. తగిలినవాడు రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరకపోతే, తొమ్మిదికి మళ్లీ వెళ్లాల్సిందే.

టీ దగ్గర ఒక ఇన్వెస్టిగేటర్ గొణుగుతున్నాడు. 'నలభై నిమిషాల ఫారం. సగంలో కుక్కర్ కూత పెడితే ఆమె లోపలికి పోతది. పూర్తి కాకుంటే పైసా రాదు.' ఫారానికి ఇంత అని కూలి మరి. గిట్టుబాటు కాక ఏ చెట్టు కిందో కూర్చుని తామే నింపేసేవాళ్లూ ఉంటారు. వాళ్లను పట్టుకోవడానికి ట్యాబ్‌లో జీపీఎస్, రికార్డింగ్, ఆ మీదట ఫోన్ చేసి బ్యాక్‌చెక్. ఇన్ని కాపలాలు పెట్టినవాళ్లకు నాలుగు ప్రశ్నలు తగ్గిద్దామని మాత్రం తోచదు! ఒకప్పుడు బెంగాల్ జనపనార సర్వేల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఒకే ప్రాంతానికి రెండు బృందాలను విడివిడిగా పంపి, రెండు లెక్కలకూ తేడా ఎంతో చూసేవారు. కొలిచే మనిషి పని కూడా ఆయనకు శాస్త్రంలో భాగమే. ఇప్పుడది ఖర్చుల పద్దులో ఒక వరస.

లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్లలో ఎస్పీఎస్ఎస్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా అని ఇంటర్న్‌లు నన్నడిగారు. రెండూ నేర్చుకోవచ్చు, గదిలో కూర్చుని నేర్చుకునేవే. శాంప్లింగ్‌కు మంచి పుస్తకాలున్నాయి. ప్రశ్న రాయడం మాత్రం, తను రాసిన ప్రశ్నకు ఎదుటివాళ్లు మొహం చిట్లించడం చూడనిదే పట్టుబడదు. ఫారం తయారుచేసినవాళ్లే మొదటి పాతిక ఇళ్లూ తిరగాలన్న షరతు ప్రతి కోర్సులోనూ ఉండాలి. వీళ్ల ఇంటర్న్‌షిప్‌లో ఫీల్డ్‌కు కేటాయించింది ఒక్క రోజు, మిగతాదంతా స్లయిడ్లు. మరి రాత్రి తొమ్మిదింటి ఇంటికి మళ్లీ వెళ్లేదెప్పుడని అడిగాను.

'అది ఇన్వెస్టిగేటర్లు చూసుకుంటారు సర్' అన్నాడు కుర్రాడు.