బేగంపేట: డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టిల్లు

హైదరాబాద్‌లోని బేగంపేటకు విమానాలతో అనుబంధం 1930ల నాటిది. నిజాం పాలనలో ఇక్కడ ఏరో క్లబ్ వెలిసింది. 1937లో టెర్మినల్ భవనం వచ్చింది. సంస్థానంలో రైళ్లు నడిపే నిజాం స్టేట్ రైల్వే 1932 నుంచి బస్సులు నడిపింది, ఆపై విమానాల పనీ చేపట్టింది.

1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. ఎక్కువ వాటా ప్రభుత్వానిదే. 1946లో సర్వీసులు మొదలయ్యాయి. నడిపినవి ప్రధానంగా డీసీ-3 డకోటాలు. ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యాలకు అక్కర తీరిన ఈ విమానాలు చవకగా దొరికేవి. అప్పట్లో దేశంలో చాలా విమాన కంపెనీలు పుట్టడానికి అదొక కారణం. డకోటాకు తోక కింద చిన్న చక్రం ఉండేది. అందువల్ల నేల మీద నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి ఉండేది. వెనక తలుపులోంచి ఎక్కినవారు గట్టు ఎక్కినట్టు ముందు సీట్లకు నడవాలి. పాతబడ్డ వాహనాన్ని తెలుగువారు ‘డకోటా బండి’ అనేది ఈ విమానం పేరు మీదే.

ఈ సంస్థకు చెరగని గౌరవం తెచ్చినవారు ప్రేమ్ మాథుర్. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా 1947లో ఆమె ఇక్కడే కోపైలట్‌గా చేరారు. 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు.

బెజవాడ రోడ్డు మీదున్న సూర్యాపేట మాత్రం ఆ రోజుల్లో విమానాన్ని యుద్ధ రూపంలో చూసింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలో భారత సైన్యం ఈ దారినే వచ్చింది. సూర్యాపేట దగ్గర నిజాం బలగాలపై వైమానిక దాడి జరిగింది. వెనక్కి తగ్గుతూ ఆ బలగాలు మూసీ వంతెనను పేల్చేశాయి.

1953లో విమానయానం జాతీయమైంది. డెక్కన్ ఎయిర్‌వేస్ మరో ఏడు సంస్థల సర్వీసులతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. చాలా ఏళ్ల తర్వాత, 2015లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన మరో విమాన సంస్థ ట్రూజెట్ కడప, తిరుపతి వంటి ఊళ్లకు ఏటీఆర్-72 విమానాలు నడిపింది. 2022లో ఆగిపోయింది.

2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలాయి. నేడు అక్కడికి కోదాడ, సూర్యాపేట ప్రయాణికులు 65వ నంబరు జాతీయ రహదారిపై వస్తారు. మిర్యాలగూడ వారు నార్కట్‌పల్లి దగ్గర అదే రహదారి ఎక్కుతారు. పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగ్ రోడ్డుకు మళ్లితే, నగరంలోకి వెళ్లే పని లేకుండానే విమానాశ్రయం చేరవచ్చు.