చిలుకా గోరువంకా

మా పాకాలలో గోరువంకను పనిగట్టుకొని చూచేవారెవరూ ఉండరు. జంక్షను ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుల కాళ్ళ నడుమ ఇడ్లీ తునకలేరుకొనే పక్షిని ఎవరు చూస్తారు? ముప్పది రెండేండ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, తరగతిలో దాని పేరు లెక్కలేనన్ని సార్లు పలికిన నేను సైతం, పక్షిని మాత్రం పదవీ విరమణ తరువాతనే చూచినాను.

చూడదగిన పక్షే సుమండీ. ముదురు గోధుమవన్నె ఒళ్ళు, నల్లని తల, పసుపుపచ్చని ముక్కు, అదే వన్నె కాళ్ళు. కంటి వెనుక ఈకలు లేని పచ్చని చర్మం, పసుపు పూసికొని కడుగుకొనడం మరచిన పేరంటాలి చెంప వలె ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ మట్టిబెడ్డ లాగా కనబడేది కాస్తా ఎగిరిందంటే రెక్కలలో తెల్లని పట్టెలు తళుక్కుమంటాయి. పిచ్చుక వలె గెంతడం దానికి మర్యాద కాదు. తనిఖీకి వచ్చిన అధికారి లాగా అడుగులో అడుగు వేసి నడుస్తుంది. చెనిక్కాయ చేలో మడక సాగుతూ ఉంటే వెనుకనే నడచి, పైకి తేలిన పురుగులను, ఎగిరిన మిడుతలను ఏరుకొంటుంది. దీనికి దాయాది ఒకటి ఉన్నది, పాపట గోరువంక. నెత్తిన నల్లని జుట్టు, లేత ఎరుపు పొట్ట. అది ఇంత గడుసుది కాదు.

సంస్కృతంలో దీనిని శారిక అంటారు. చిలుకను, శారికను జంటగా చెప్పడం మన కవులకు పరిపాటి. అన్యోన్యంగా ఉండే దంపతులను చిలుకా గోరువంకల వలె ఉన్నారని మనమూ అంటాము. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో ఈ మాటకు అర్థం చెపుతున్నాను. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "అయ్యోరా, అవి రెండూ వేరే వేరే జాతులు గదా, వాటికి పెండ్లి ఎట్లయితుంది?" అన్నది. తరగతి గొల్లుమన్నది. నాకు కోపం వచ్చినది. కవిసమయమంటే తెలియనివారికి తెలుగెందుకని, ఆ పిల్లను గంట కొట్టేదాకా నిలబెట్టినాను. ఆ ఏడు ముగిసే వరకు ఆ అమ్మాయి మరొక ప్రశ్న అడగలేదు.

విరమణ తరువాత ఒక వేసవిలో మా పెరటిలో మొవ్వు ఎండిపోయిన టెంకాయ చెట్టు తొర్రలో చిలుకల జంట ఒకటి చేరినది. వారం తిరగకముందే గోరువంకల జంట వచ్చినది. నేను మంచం వాల్చుకొని చూస్తుండగా జరిగినది యుద్ధమే. చిలుక తొర్ర లోపలి నుంచి ముక్కు చాపి కరవబోతుంది. ఒక గోరువంక ఎదుట నిలిచి అరుస్తూ ఉంటే, రెండవది వెనుక నుంచి వచ్చి తోక పట్టి లాగుతుంది. మూడవనాడు ఒక చిలుకా ఒక గోరువంకా గోళ్ళు పెనవేసికొని నేల మీద పడి దొర్లినవి. చివరకు చిలుకలే వెళ్ళిపోయినవి. గోరువంకలు గడ్డిపోచలు, గుడ్డపేలికలు, ఒకనాడు పాము కుబుసం సైతం తెచ్చి తొర్రలో కూరినవి. తమంత తాముగా చెట్టును తొలిచే శక్తి వాటికి లేదు. కావలసినది సిద్ధంగా ఉన్న తొర్ర. చిలుకకు కావలసినదీ అదే. దాంపత్యమని నేను వర్ణించినది ఇంటి తగాదా.

ఆ తగాదా సముద్రం కూడా దాటినదని తరువాత చదివినాను. మారిషస్ దీవిలో చెరకును తినే ఎర్రమిడుతలను అణచడానికి 1762లో భారతదేశం నుంచి గోరువంకలను తీసికొనిపోయినారు. 1830ల నుంచి మన తెలుగు కూలీలు ఆ చెరకు తోటలకే ఓడలెక్కినారు. వారికంటె ముందే మన మడక వెనుకటి పిట్ట అక్కడ కాపురం పెట్టి ఉన్నదన్నమాట! 19వ శతాబ్దంలో మన రామచిలుకా అక్కడికి చేరినది. ఆ దీవికే చెందిన ఎకో పారకీట్ అనే చిలుకకు అడవులు నరికివేతతో తొర్రలు అంతకుముందే కరవైనవి. ఉన్న కాసిని తొర్రల కోసం మన చిలుకా మన గోరువంకా కూడా పోటీకి నిలిచినవి. 1980లలో ఆ స్థానిక చిలుకలు ఇంచుమించు పదికి దిగజారినవి. కృత్రిమ గూళ్ళు అమర్చి, ప్రత్యేకంగా పెంచి కాపాడగా ఇప్పుడు వందలలో ఉన్నవట.

పక్కనున్న రీయూనియన్ దీవిలో గోరువంక కులానికే చెందిన పిట్ట ఒకటి ఉండేది. బూడిదవన్నె వీపు, తెల్లని తల, దాని మీద ముందుకు వంగిన తెల్లని జుట్టు. గుంపులుగా తిరిగేది, మనుషులను చూచి బెదిరేది కాదు, కర్రతో కొట్టి పట్టేవారట. 1850లలో అది అంతరించినది. అడవి పోవడం, వేట, ఎలుకలు, రోగాలు అని కారణాలు పలు విధాలుగా చెపుతారు. బయటినుంచి వచ్చిన గోరువంక పేరు కూడా ఆ జాబితాలో ఉన్నది. నేరమంతా దానిదే అనడం న్యాయం కాదు, అది తనంత తాను ఓడ ఎక్కలేదు.

పోయిన సంక్రాంతికి బజారులో ఒకామె నమస్కరించినది. పక్కన కళాశాల ఈడు కూతురు. నేను గుర్తుపట్టలేదు, ఆమె తన పేరు చెప్పినది. నడివీధిలోనే టెంకాయ చెట్టు సంగతి చెప్పి, "ఆనాడు నీవడిగినదే సరియైనది తల్లీ, నేను నిలబెట్టడం తప్పు" అన్నాను. ఆమె కాసేపు కొంగు సర్దుకొంటూ ఉండిపోయినది.

"మా ఇంటి టెంకాయ మాన్లో అవి కొట్టుకొనేది దినామూ చూస్తాంటిని అయ్యోరా. అందుకే అడిగినా."

ఎందుకడుగుతున్నావని ఆనాడు నేను అడిగి ఉండలేదు.