పంచాంగము చేతబట్టి యాత్ర

విహారయాత్ర యనగానే మన పాఠశాలలలో ఒక పాత వాడుక కలదు. ఏదో ఒక ఊరు నిర్ణయించుకొని, రైలు టిక్కెట్లు కొని, అచటి కోవెలయు జంతుప్రదర్శనశాలయు సముద్రతీరమును చూచి, అందరును కలిసి ఒక ఛాయాచిత్రము తీయించుకొని మూడవనాడు తిరిగి వచ్చుట. ఇందు దోషమేమియు లేదు. కాని ఊరు చూచిన పిల్లలకు ఊరివారు కనబడుట అరుదు. ఈ యేడు పై తరగతుల విద్యార్థులతో కూర్చుండి యాత్రను గూర్చి యోచించినప్పుడు మేము ప్రశ్ననే మార్చి చూచితిమి. ఏ ఊరికి పోవలెనని కాక, ఏ పండుగకు పోవలెనని అడిగితిమి.

భారతదేశ పటమును గోడకు తగిలించినదే తడవుగా చేతులు లేచినవి. ఒకడు మైసూరు దసరా యనెను. బంగారు అంబారీ మోయు ఏనుగును వాడు పత్రికలో చూచియున్నాడు. ఒక బాలిక త్రిశ్శూరు పూరమనినది. వెనుక బల్లనుండి ఇంకొకడు గోవా కార్నివాల్ అని కేక వేసెను. మోమో రాజు ఊరేగింపుగా వచ్చి నాలుగు దినములు తినుడు, త్రాగుడు, ఆడుడని చాటునట. "త్రాగుడు" అన్న చోట తరగతి యంతయు నవ్వినది. నాగాలాండునందు కొహిమా చెంత కిసామా గ్రామమున 2000వ సంవత్సరము నుండి జరుగుచున్న హార్న్‌బిల్ ఉత్సవము సంగతి మేమే చెప్పితిమి. అరగంటలో పటమంతయు ఎఱ్ఱచుక్కలతో నిండెను.

పిమ్మట చుక్కల ప్రక్కన తేదీలు వ్రాయుడంటిమి. అచట చిక్కు వచ్చినది. హార్న్‌బిల్ ఒక్కటే సులభము; ప్రతి యేటను డిసెంబరు 1 నుండి 10 వరకు. కార్నివాలు తేదీ ఈస్టరును బట్టి మారును. వసంతమున పగలు రాత్రి సమమైన పిదప వచ్చు పున్నమి దాటిన ఆదివారము ఈస్టరు. దానికి ముందుండు ఉపవాసకాలమున కంటెను ముందటి నాలుగు దినములు కార్నివాలు. త్రిశ్శూరువారు సూర్యుడు మేషరాశిలో నుండగా వచ్చు పుబ్బ నక్షత్రమును చూతురు; వారి పూరమే మన పుబ్బ. మైసూరువారికి మనవలెనే ఆశ్వయుజ శుద్ధ దశమి. దేశమొక్కటే గాని దినములు లెక్కించు తీరులు పెక్కు. గణితమన్న ముఖము చిట్లించు బాలురు ఇద్దరు ఆనాడు సాయంకాలము వరకు పంచాంగము విడువలేదని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది.

తేదీల పిదప ధనము. మా పిల్లలలో పెక్కురు నేతపనివారి బిడ్డలు, చిల్లర వర్తకుల బిడ్డలు. గోవా, కొహిమా, త్రిశ్శూరు, మైసూరు తుడిచివేయబడినవి. మా బరంపురము నుండి ఒక రాత్రి ప్రయాణములో చేరదగినవి మాత్రమే నిలిచినవి. అనగా మిగిలినది ఒడిశా. కొందఱి ముఖములు చిన్నబోయినవి.

ఇంతలో తల్లిదండ్రుల సమావేశము వచ్చినది. మగ్గముపై జీవించు ఒక తండ్రి లేచి, "మాస్టారూ, మన పండుగలే మన పిల్లలకు సగము తెలియవు. ఇంట తెలుగు మాటాడుటయే తగ్గుచున్నది. ఇక పరుల జాతరలు చూపి తెత్తురా?" అనెను. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఇంట ఒక భాష, అంగడిలో ఒక భాషగా పెరుగు పిల్లవానికి ఏది తనది, ఏది ఎరువు తెచ్చుకొన్నదియను సందేహము ఎన్నడో ఒకనాడు తప్పక కలుగును. ఆ తండ్రికి మేము వెంటనే బదులు చెప్పలేదు. మఱునాడు పిల్లలచేతనే పటముపై మొదటి చుక్క మా ఊరిమీద పెట్టించితిమి.

బరంపురము బుఢీ ఠాకురాణి యాత్ర ఏడు విడిచి ఏడు చైత్రమున జరుగును. అమ్మవారు కోవెల విడిచి దేశి బెహెరా వీధికి, తన పుట్టింటికి, వచ్చునని నమ్మిక. వారముల తరబడి రాత్రివేళ ఘటములు వీధివీధిని తిరుగును. మ్రొక్కుకొన్నవారు పులివేషములు, దేవతల వేషములు దాల్చి తిరుగుదురు. గోవావారి కార్నివాలునకు వేషములున్నవని ఆశ్చర్యపడిన పిల్లవాడు తన మేనమామ పులివేషమును మఱచినాడు! ఇక అమ్మవారికి పుట్టినిల్లైన వారెవరు? దేశి బెహెరా పెద్దఱికము వహించు డేరా నేతవారు. వారి యిండ్లలో పలుకుబడి తెలుగు. మహురి రాజు పిలుపుపై రాజమహేంద్రవరము నుండి మగ్గములతో తరలివచ్చిరని ప్రతీతి. 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడి బరంపురము మదరాసు నుండి విడివడుటకు ఎంతో ముందే వచ్చినవారు వీరు. ఊరంతయు ఒడియాలో "మా" యని పిలుచు తల్లి తెలుగువారి ఆడపడుచైనచో, ఆ పండుగ ఎవరిదని పంచిపెట్టుట? ఈ సంగతులు సేకరించి వ్రాసినది ప్రశ్న అడిగిన తండ్రి కుమార్తెయే. ఆయన చదివి, "ఇది మాకు తెలిసినదే కదా" యని మాత్రమనెను. కాని యాత్రకు సంతకము చేసెను.

రెండవ చుక్కకు మేము ఎక్కువ కాలము వెచ్చించితిమి. జూన్ నడుమ మిథున సంక్రాంతికి ఒడిశాలో రజ పండుగ. ఆ మూడు దినములు భూదేవికి విశ్రాంతి. నాగలి కదలదు, నేల త్రవ్వరు. ఆడపిల్లలు పనిపాటలు మాని, క్రొత్త బట్టలు కట్టి, చెట్లకు వేసిన ఊయెలలూగుదురు. పోడొ పిఠా యను కాల్చిన పిండివంట తిందురు. మన తెలుగునాట జ్యేష్ఠ పున్నమికి ఏరువాక సాగించి ఎద్దులను అలంకరించి నాగలి పూన్తురు. ఇంచుమించు అదే ఋతువు, అదే తొలకరి. ఒకరు దుక్కి ఆరంభించుటను పండుగ చేసికొనగా, ఒకరు దుక్కి ఆపుటను పండుగ చేసికొందురు. రెండును నేలయెడల మర్యాదయే గదా యని ఒక బాలిక తన పుస్తకములో వ్రాసికొన్నది.

రజకు పోయినచో పూరీ దగ్గరనే యున్నది. కాని ఇచట పంచాంగము మఱల అడ్డు వచ్చును. రజ సూర్యుని లెక్క కనుక ఎన్నడును ఇంచుమించు కదలదు. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ, చంద్రుని లెక్క. 2024లో అది జులై 7న, 2025లో జూన్ 27న పడెను. 2026లో జ్యేష్ఠము అధికమాసముతో రెండుగా వచ్చుటచే జులై 16కు జరిగినది. జ్యేష్ఠ పున్నమినాటి స్నానము పిదప జగన్నాథస్వామి సుమారు పక్షము దినములు అనసరమున నుండును. ఎవరికిని దర్శనము లేదు. 2025లో రజకు పోయిన బడిపిల్లలు కోవెల వాకిటనుండి ఊరక మరలవలసి యుండెడిది. 2026లో అట్లు కాదు, స్నానము జూన్ 29న.

రథయాత్రనాటి జనసమ్మర్దమునకు పిల్లలను కొనిపోవ మాకు ధైర్యము లేదు. ఆ సంగతి నిష్కర్షగా చెప్పితిమి. అంతకంటె అక్షయతృతీయనాడు మొదలు పెద్దవీధిలో సాగు రథనిర్మాణము చూచుట మేలు. నందిఘోషమునకు 16, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12. వెరసి 42 చక్రములు ఏటేటను క్రొత్తవి. వడ్రంగి బాడిసె దెబ్బ దగ్గరగా నిలిచి వినవచ్చును, ప్రశ్నలడుగవచ్చును. పండుగనాడు అవి రెండును సాధ్యములు కావు.

ఆడపిల్లలను పంపుటకు తల్లులు సంశయించిరి. "రాత్రిళ్లు ఎక్కడ పడుకొందురు?" అను ప్రశ్న న్యాయమైనదే. ఆడపిల్లల పండుగ చూడ మగపిల్లలు మాత్రమే పోవుట వింతగా నుండును గదా! తుదకు ఇద్దరు ఉపాధ్యాయినులును ముగ్గురు తల్లులును తోడు వచ్చుటకు ఒప్పుకొనిరి. పూరీ జిల్లాలో మా ఒడియా ఉపాధ్యాయుని తల్లిగారి యింట బస. ఆ వృద్ధురాలు పంపిన కబురు ఇది: పిల్లలు చూచుటకు వచ్చెదరా, ఊగుటకు వచ్చెదరా? చూచుటకైతే ఒక ఊయెల చాలును; ఊగుటకైతే ఇంకను త్రాళ్లు కొనవలెను. ఊగుటకే యని వ్రాయించితిమి.

కార్తిక పున్నమికి కటకములో మహానది యొడ్డున బాలియాత్ర. పూర్వము బాలి, జావా, సుమత్రా ద్వీపములకు ఓడలపై పోయిన సాధవ వర్తకులను తలచుకొని, తెల్లవారుజామున అరటిదొప్పలతోను కాగితముతోను చేసిన చిన్న పడవలలో దీపము పెట్టి నీట విడుతురు. మన స్త్రీలును అరటిదొప్పలోనే దీపము విడుతురు, కాని కార్తికము ముగిసిన మఱునాడు, పోలిపాడ్యమికి. ఇచట ఒక తమాషా కలదు. ఒడియావారి కార్తికము పున్నమితో ముగియును. మనది అమావాస్య వరకు సాగును. పున్నమి మఱునాడు ఛాడఖాయి యని పొరుగింట చేపలు వేగుచుండగా మన యింట ఇంకను పదునైదు దినములు కంద, బచ్చలి. ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురమున్నవారికి ఒకే నెల రెండు విధములుగా తీరుట మా పిల్లలకు ముక్కుద్వారా ఏనాడో తెలిసియున్నది. కారణము మాత్రము ఇప్పుడు తెలిసినది.

పుష్యమాసపు ధనుయాత్రను శీతకాలపు సెలవులకు ఉంచితిమి. 1947-48 నుండి జరుగు ఈ ఉత్సవమున బర్గఢ్ పట్టణమే మథుర, జీరానది యమున, ఆవలి యంబాపాలి గోపపురము. ఏనుగుపై తిరుగు కంసుడు అధికారులను సైతము పిలిచి జరిమానా వేయును. ఖర్చు కుదిరినచో పోవుదుము, లేనిచో లేదు.

బాలియాత్రకు కటకములోని ఒక ఉన్నత పాఠశాలను బస కోరుచు మా విద్యార్థులే ఒడియాలో ఉత్తరము వ్రాసిరి. మూడు పర్యాయములు చిత్తు వ్రాసి దిద్దుకొనిరి. మేము వేలు పెట్టలేదు. ప్రత్యుత్తరము గడచిన వారము వచ్చినది. రెండు గదులు ఇత్తురు. చాపలు మనము తెచ్చుకొనవలెను. ఉత్తరము చివర వారి విద్యార్థులు ఒక కోరిక వ్రాసిరి: రాబోవు ఠాకురాణి యాత్రకు తాము ఇరువదిమంది బరంపురము రాదలచుచున్నారట, ఎచట దిగవలెనో తెలుపవలెనట. పాఠశాలలో ఉన్నవి రెండే పెద్ద గదులు. దేశి బెహెరా వీధి చుట్టుప్రక్కల ఇండ్లు గల తల్లిదండ్రులు ఎవరు ఎందరిని ఉంచుకొనగలరో వచ్చు సమావేశమునకు ఆలోచించుకొని రాగోరుచున్నాము.