సున్నము, సోడా, బావినీరు

సున్నపురాయిని, చాకలి సోడాను చూచినవారికి అవి రెండును ఒకే కుటుంబములోనివని తోచదు. అయినను రసాయనశాస్త్రము రెంటిని కార్బొనేటులనియే పిలుచుచున్నది. వాని గుణభేదము నీట బయల్పడును. చెంబెడు నీటిలో గుప్పెడు సోడా వేసి కలిపినచో జాడ లేక కరగిపోవును. సున్నపురాతి పొడి యట్లు కాదు. లీటరు స్వచ్ఛజలములో సుమారు 14 మిల్లీగ్రాములు మాత్రమే కరగును.

అంతటి మొండిరాయిని తొలిచి అనంతగిరి కొండలలోని బొర్రా గుహలను, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను నీరే నిర్మించినదనుట యెట్లు? వాననీరు గాలినుండియు, అంతకంటె హెచ్చుగ మట్టిలోని వేళ్ళ శ్వాసనుండియు బొగ్గుపులుసు గాలిని గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు తాకగా రాతిలోని కార్బొనేటు బైకార్బొనేటుగా మారి కరగును. గుహ కప్పున బొట్టు వ్రేలాడునప్పుడు ఆ గాలి తిరిగి వెడలిపోవును. సున్నము రాయియై నిలుచును. సున్నపుతేటలో గొట్టముతో ఊదిచూచిన బాలురకు ఈ సంగతి తెలియును: తేట మొదట పాలవలె తెల్లబడును, ఇంకను ఊదగా మరల తేరుకొనును. నీళ్ళు కాచు బిందె యడుగున పేరుకొను తెల్లని పెచ్చు బొర్రా గుహలోని రాతిజడలకు తోబుట్టువే. గుహ వేలయేండ్లకు చేసిన పనిని పొయ్యి కొన్నినాళ్ళలో ముగించును.

కథ ఇంతటితో ఆగినచో వేడుకగానే యుండెడిది. 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని పల్లెలవారి పండ్లు గారపట్టుటకును, వెన్నెముక బిగిసికొనుటకును త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ పల్లెలందును అదియే కనబడెను. నడివయసువారు నడుము వంగి, తల యెత్తి ఆకాశము చూడలేని స్థితికి వచ్చిరి.

ఫ్లోరైడు భూమిలోని రాళ్ళనుండి నీటిలోనికి దిగును. నీటిలో కాల్షియము సమృద్ధిగ నున్నచో దానిని మితిమీరనీయదు. కాని ఎండ హెచ్చైన నేలలందు, సోడా బైకార్బొనేటు కూడిన నీటిలో, కాల్షియము కార్బొనేటై సున్నపు గడ్డలుగా మట్టిలోనే మిగిలిపోవును. కావలివాడు లేని తోటలో పశువులవలె ఫ్లోరైడు అడ్డు లేక పెరుగును.

ఇందొక వింత గలదు. పప్పు చక్కగ ఉడికి, సబ్బు బాగుగ నురుగునిచ్చిన నీటిని ఇల్లాండ్రు మంచినీరందురు. ఆ పరీక్ష కాల్షియమును పట్టగలదు గాని ఫ్లోరైడును పట్టజాలదు. వారు మెచ్చిన మెత్తని నీరే కొన్నియెడల చెఱుపు చేయును. రుచియు వాసనయు దానిని తెలుపవు. కాచినను పోదు సరికదా, నీరిగిరిన కొలది చిక్కబడును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించిన ఫ్లోరైడు కూడదని మన దేశ ప్రమాణము.

దీనికి నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు కనుగొన్న విధానమునకు నల్లగొండ పేరే నిలిచినది. నీటిలో పటికను, సున్నమును వేసి కలియబెట్టి తేర్చవలెను. పటిక బైకార్బొనేటుతో కలిసి బొగ్గుపులుసు గాలిని వెడలగొట్టి, జిగురు తునకలుగా మారి, ఫ్లోరైడును ఈడ్చుకొని అడుగునకు దిగును. చెఱుపునకు తోడైన బైకార్బొనేటే యిచ్చట వైద్యమునకును తోడగుచున్నది. అది చాలనియెడల సున్నము లోటు తీర్చును. అయితే పాళ్ళు తప్పినచో పటికలోని అల్యూమినియము నీట మిగులును. దిగిన బురదను బావి దరికి రానీయక దూరముగ పాఱబోయవలెను. ప్రతిదినము ప్రతి యింట ఇది సాగుట సులభము కాదు. నదీజలమును తెచ్చుటయే మేలు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమున నల్లగొండ పల్లెలకు కృష్ణాజలము గొట్టములద్వారా చేరినది. ఒకసారి వంగిన యెముకను ఏ నీరును తిన్నగ చేయజాలదు. నడుము వంగిన పెద్దలు మనుమలతోపాటు ఆ క్రొత్తనీటినే త్రాగుచున్నారు.